వేట ఎక్కడ మొదలవుతుంది?

వేటలో మూడు దశలు ఉంటాయి. జంతువును చంపాలన్న తలపు మొదటిది. అందుకు కావలసినవన్నీ సమకూర్చుకోవడం రెండోది. ప్రాణం తీయడం మూడోది. మూడో దశ హింస అన్న విషయంలో భారతీయ ధర్మ సంప్రదాయాల మధ్య పెద్ద వివాదం లేదు. మొదటి రెండూ హింస కిందికి వస్తాయా, రావా అన్నదే విచారించవలసిన ప్రశ్న. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి, వేట కోసం విదేశానికి వెళ్లబోయే మనిషి ఉంటాడు. రేపు ప్రయాణం. ఈ రాత్రి తుపాకీ తుడిచి పెట్టెలో పెడతాడు, అనుమతి పత్రాలు సరిచూసుకుంటాడు, బూట్లు, టోపీ, మందులు సర్దుకుంటాడు. అతని వల్ల ఇంకా ఏ ప్రాణికీ కీడు జరగలేదు. మరి ఆ రాత్రి అతడు నిర్దోషి అనవచ్చా?

ఈ ప్రశ్నను లోతుగా ఆలోచించిన సంప్రదాయాల ఆనవాళ్లు కర్నూలు జిల్లా పడమటి భాగంలోనూ దాని పొరుగునా దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. చిప్పగిరి కొండ మీద పాత జైన బసది ఉంది. ఊరిలో మాధ్వ హరిదాసు విజయదాసుల స్మారకమైన కట్ట ఉంది. గుంతకల్లు దాటితే కొనకొండ్ల వస్తుంది. జైనాచార్యుడు కుందకుందుని ఊరు ఇదేనని కొందరు పండితులు గుర్తించారు. తూర్పున తుగ్గలి మండలంలోని ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలు బండల మీద ఉన్నాయి. వీటికి దగ్గరలోనే ఆలూరు, ఆదోని ప్రాంతపు నల్లరేగడి చేలలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతుంటాయి.

జైనుల లెక్క

సన్నాహానికి విడిగా పేరు పెట్టి, దానికి లెక్క కట్టిన సంప్రదాయం జైనం. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం కర్మబంధానికి దారితీసే పనిని మూడు మెట్లుగా విడదీస్తుంది. సంరంభం అంటే చేయాలన్న పూనిక. సమారంభం అంటే సాధనాలను సమకూర్చుకోవడం. ఆరంభం అంటే పనిలోకి దిగడం. ఈ మూడూ మనసుతో గాని, మాటతో గాని, శరీరంతో గాని జరుగుతాయి. అప్పటికి తొమ్మిది. తాను చేయడం, ఇతరుల చేత చేయించడం, ఇతరులు చేస్తుంటే ఒప్పుకోవడం అన్న మూడు తీరులు కలిపితే ఇరవై ఏడు. వీటి వెనుక కోపం, మానం, మాయ, లోభం అన్న నాలుగు కషాయాల్లో ఏదో ఒకటి ఉంటుంది. మొత్తం 108. జపమాలలోని 108 పూసలను జైన సంప్రదాయం ఈ లెక్కతో కలిపి చెప్పుకుంటుంది.

ఈ పట్టిక ముందు నిలబెడితే వేట ప్రయాణానికి ముందు రోజు చాలా నిండుగా కనిపిస్తుంది. గురి సరిచూసుకోవడం శరీరంతో చేసే సమారంభం. ఫలానా కొమ్ముల జంతువు కావాలని వేట ఏర్పాట్లు చేసేవారితో మాట్లాడుకోవడం మాటతో జరిగే సమారంభం. అడవిలో జాడ పట్టే మనిషికి ముందే జీతం కుదుర్చుకోవడం ఇతరుల చేత చేయించడం. పక్కన కూర్చుని ఉత్సాహపరిచే మిత్రుడు ఒప్పుకోలు తెలిపినవాడు. గోడకు తగిలించబోయే తలను ముందే ఊహించుకుని మురవడంలో మానమూ లోభమూ రెండూ ఉన్నాయి. ప్రాణం పోవడం ఒక్క క్షణంలో జరిగే పని. దానికి ముందు నెలల తరబడి సాగినదంతా లెక్కలోకి వస్తుంది.

కుందకుందుడు ఈ విషయాన్ని ఇంకా సూటిగా తేల్చాడు. ప్రాణి చచ్చినా చావకపోయినా, చంపాలన్న నిశ్చయమే బంధానికి కారణమని సమయసారంలోని బంధాధికారం చెబుతుంది. తరువాతి కాలపు అమృతచంద్రుడు పురుషార్థసిద్ధ్యుపాయంలో దీన్ని విస్తరించాడు. హింస చేయకుండానే హింసాఫలం అనుభవించేవాడు ఉండవచ్చు, హింస జరిగినా ఆ ఫలం అంటనివాడూ ఉండవచ్చు అన్నది అతని వివరణ. జాగ్రత్తగా అడుగు వేసే ముని కాలి కింద చీమ నలిగితే ఆ సంగతి వేరు. గురి తప్పి ఉత్త చేతులతో తిరిగివచ్చిన వేటగాడి దోషం వేరు. మొదటివాడు చంపాలని అనుకోలేదు. రెండోవాడు చంపడానికే వెళ్లాడు.

అయితే గృహస్థుల బతుకులో హింసను పూర్తిగా తప్పించలేమని జైనులకు తెలుసు. అందుకే హింసను నాలుగు రకాలుగా విభజించారు. వంటా వార్పూ వంటి ఇంటి పనుల్లో జరిగేది ఆరంభి. వ్యవసాయం, వృత్తుల్లో జరిగేది ఉద్యోగి. ఆత్మరక్షణలో జరిగేది విరోధి. కావాలని పూనుకుని చేసేది సంకల్పి. మొదటి మూడింటిని గృహస్థు వీలైనంత తగ్గించుకోవాలి. నాలుగోదాన్ని పూర్తిగా మానాలి. సరదా కోసం వెళ్లే వేట నాలుగో రకానికి చెందుతుంది.

ఎర్రగుడి బండ మీది మాట

బౌద్ధంలో కర్మకు మూలం చేతన. చేతననే తాను కర్మ అంటున్నానని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది. ప్రాణిహత్య పూర్తి కావాలంటే ఐదు అంగాలు ఉండాలని తరువాతి వ్యాఖ్యాతలు నిర్ణయించారు. ప్రాణి ఉండాలి. అది ప్రాణి అని తెలియాలి. చంపే ఉద్దేశం ఉండాలి. ప్రయత్నం జరగాలి. ప్రాణం పోవాలి. ఈ లెక్క ప్రకారం చివరి అంగం లేని సన్నాహం పూర్తి హత్య అనిపించుకోదు. కానీ ఐదింటిలో మూడు ఇల్లు దాటకముందే సమకూరుతాయి. ప్రయత్నానికి కావలసిన సరంజామా కూడా పెట్టెలోకి చేరిపోతుంది. మిగిలేది గురి పెట్టడమూ, ప్రాణం పోవడమూ మాత్రమే.

ఈ ఆలోచన ఒక రాజు దినచర్యను మార్చిన వైనం ఎర్రగుడిలో రాతి మీద ఉంది. 1929లో భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్ కంటపడ్డ ఈ శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. ఎనిమిదో ప్రధాన శాసనం సారాంశం ఇది: పూర్వపు రాజులు విహారయాత్రలకు వెళ్లేవారు. వాటిలో వేట, ఇతర వినోదాలు ఉండేవి. పట్టాభిషేకమైన పదేళ్లకు అశోకుడు సంబోధికి, అంటే బుద్ధుడు జ్ఞానం పొందిన చోటికి వెళ్లాడు. ఆనాటి నుంచి ధర్మయాత్ర మొదలైంది. అందులో శ్రమణులనూ బ్రాహ్మణులనూ దర్శించడం, దానాలివ్వడం, వృద్ధులను ఆదరించడం, పల్లెజనాన్ని కలిసి ధర్మం గురించి మాట్లాడడం ఉంటాయి. రాజుకు దానిలోనే ఎక్కువ సంతోషం కలుగుతోందని కూడా శాసనం చెబుతుంది.

ఈ శాసనంలో గమనించవలసిన విషయం ఒకటుంది. అశోకుడు ప్రయాణాన్ని మానలేదు. రాజు కదిలితే పరివారం, ఏనుగులు, గుర్రాలు, గుడారాలు, వంటవాళ్లు, దారి చూపేవాళ్లు అందరూ కదలాలి. వేటకైనా తీర్థానికైనా ఈ సన్నాహం ఒకేలా ఉంటుంది. మారింది సంకల్పం. ఒకే గుడారం ఒక యాత్రలో వేట విడిదిగా, ఇంకో యాత్రలో దానశాలగా ఉపయోగపడగలదు. వస్తువుకు సొంతంగా దోషం లేదనీ, దాన్ని ఏ తలపుతో సమకూర్చుకున్నారన్నదే దోషాన్ని నిర్ణయిస్తుందనీ ఈ రాయి తెలియజేస్తుంది.

అశోకుడు ఈ మార్పును ఒక్కసారిగా సాధించలేదు. మొదటి ప్రధాన శాసనం ఆ సంగతిని దాచకుండా చెబుతుంది. ఒకప్పుడు రాజు వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు చనిపోయేవి. శాసనం రాయించే నాటికి రెండు నెమళ్లూ ఒక జింకా మాత్రమే. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందు ముందు ఈ మూడింటినీ చంపరు. హింస మానడం కూడా ఒక సన్నాహమేననీ, దానికీ మెట్లు ఉంటాయనీ ఈ మాటల వల్ల అర్థమవుతుంది.

స్మృతులు, ఇతిహాసాలు

వైదిక సంప్రదాయంలో వేట మీద ఏకాభిప్రాయం లేదు. మనుస్మృతి ఏడో అధ్యాయం కామం వల్ల పుట్టే పది వ్యసనాల్లో వేటను మొదటగా లెక్కించింది. వాటిలో మద్యం, జూదం, స్త్రీలోలత్వం, వేట అన్న నాలుగింటిని అతి చెడ్డవిగా పేర్కొంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ విషయం మీద చర్చ ఉంది. జూదం కంటే వేటే చెడ్డదని పిశునుడు అంటాడు. దొంగలు, శత్రువులు, మృగాలు, కార్చిచ్చు, దారి తప్పడం, ఆకలిదప్పులు వేటలో ప్రాణాపాయాలని అతని వాదన. వేటలో వ్యాయామం ఉందనీ, కదిలే గురినీ కదలని గురినీ కొట్టే నేర్పు వస్తుందనీ, జూదమే ఎక్కువ చెడ్డదనీ కౌటిల్యుడు బదులిస్తాడు. ఈ చర్చ అంతా రాజుకు కలిగే లాభనష్టాల చుట్టూనే తిరుగుతుంది. చచ్చే జంతువు పక్షం దానిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ లోటును ఇతిహాసాలు తీర్చాయి. రామాయణంలో దశరథుడు యౌవనంలో సరయూ తీరాన చీకట్లో శబ్దం విని బాణం వేశాడు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు. తగిలింది తల్లిదండ్రుల కోసం కుండలో నీళ్లు ముంచుతున్న మునికుమారుడికి. మనిషిని చంపాలన్న తలపు దశరథునికి లేదు. చంపాలన్న తలపు మాత్రం ఉంది. ఆ తలపుతోనే విల్లు పట్టుకుని రాత్రివేళ బయలుదేరాడు కనుక ఫలితం అతన్ని వెంటాడింది. మహాభారతంలో పాండురాజు జింక రూపంలో ఉన్న కిందమ మునిని కొట్టి, వేట రాజులకు పరిపాటి అనీ, అగస్త్యుడంతటివాడు కూడా వేటాడాడనీ సమర్థించుకున్నాడు. ఆచారం ఉందన్న వాదన శాపాన్ని ఆపలేదు. రామాయణం కిష్కింధకాండలో వాలికి రాముడు ఇచ్చిన జవాబులో, ధర్మం తెలిసిన రాజర్షులు కూడా వేటకు వెళతారన్న మాట వస్తుంది. వేటను సమర్థించే మాట, దాని ఫలితంతో కుమిలిపోయే కథ ఒకే గ్రంథంలో ఉన్నాయి.

సన్నాహం గురించి అన్నిటికంటే స్పష్టమైన దృశ్యం కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం మొదటి అంకంలో ఉంది. దుష్యంతుడు కృష్ణసారాన్ని, అంటే కృష్ణజింకను తరుముతూ వస్తాడు. బాణం వింట సంధించి ఉంటుంది. అది ఆశ్రమపు జింక అని మునులు అడ్డుపడతారు. రాజు బాణాన్ని వెనక్కి తీసుకుంటాడు. మునులు అతన్ని దీవిస్తారు. సన్నాహం అంతా పూర్తయి, విడవడం ఒక్కటే మిగిలిన చోట కూడా వెనక్కి మళ్లడం సాధ్యమేనని, ఆ మళ్లడానికి విలువ ఉందని ఈ సన్నివేశం నిరూపిస్తుంది.

అవసరం, వినోదం

వేటే జీవనాధారమైనవారిని ఈ సంప్రదాయాలు ఎలా చూశాయన్నది తరువాతి ప్రశ్న. శ్రీకాళహస్తి క్షేత్రకథలో తిన్నడు బోయ. తాను వేటాడిన మాంసాన్నే శివునికి నివేదించి కన్నప్ప అయ్యాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఆ వేటను విస్తారంగా వర్ణించాడు. అహోబిలంలో నరసింహస్వామి చెంచుల ఆడబిడ్డను పెళ్లాడాడని జనం నమ్మకం. మహాభారతం అరణ్యపర్వంలో మిథిలా నగరపు ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధించాడు. తాను స్వయంగా ప్రాణులను చంపనని చెబుతూనే, నాగలి దున్నేవాడి చాలులో ఎన్ని జీవులు చస్తాయో గుర్తు చేశాడు. అహింస పేరుతో ఎవరినీ చిన్నచూపు చూడడానికి వీల్లేదన్నది ఆ కథ నేర్పే పాఠం.

ఆలూరు ప్రాంతపు రైతుకు ఈ పాఠం రోజూ అనుభవంలోకి వస్తుంది. మొలకెత్తిన శనగ, వేరుశనగ, పత్తి చేలను జింకల మందలు మేసి, తొక్కి పోతాయి. రాత్రుళ్లు కాపలా కాయడం, చేను చుట్టూ పాత చీరలు కట్టడం రైతులకు మామూలే. ఆ రైతు తన పంట కాపాడుకోవడానికి చేసే సన్నాహం వేరు. కొమ్ముల కోసం విమానం ఎక్కేవాడి సన్నాహం వేరు. ఒకడు జింకను తరిమేయడానికి చూస్తాడు, ఇంకొకడు దాని దగ్గరికి వెళతాడు. మొదటివాడి కష్టాన్ని తీర్చే బాధ్యత సమాజానిదీ ప్రభుత్వానిదీ. నష్టపరిహారం, కంచె, జింకలకు మేత భూములు వంటి ఏర్పాట్లు లేకుండా ఆ రైతుకు అహింస బోధించడం న్యాయం కాదు.

దేశం మారితే ధర్మం మారుతుందా?

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడడం నేరం. అదే జంతువును 1932లో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకువెళ్లి వదిలారు. అక్కడి ఎడ్వర్డ్స్ పీఠభూమిలో అది వేల సంఖ్యలో పెరిగింది. అక్కడిది కాని జంతువు కనుక రాష్ట్ర చట్టం దానికి వేట కాలం అంటూ నిర్ణయించలేదు. ప్రైవేటు పచ్చిక భూముల్లో రుసుము కట్టినవారు ఏడాది పొడుగునా కొట్టవచ్చు. చిప్పగిరి పొలంలో కొడితే జైలు, టెక్సాస్‌లో కొడితే రసీదు. ప్రాణి ఒకటే, నొప్పి ఒకటే.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. దేశధర్మం అన్న భావన స్మృతుల్లోనూ ఉంది. ఆ స్మృతులే ఇంకో మాట కూడా చెప్పాయి. కృష్ణసారం సహజంగా తిరిగే దేశం యజ్ఞానికి తగిన దేశమని మనుస్మృతి రెండో అధ్యాయం గుర్తు చెప్పింది. నేల పవిత్రతకు ఈ జింక సహజ సంచారాన్ని కొలతగా పెట్టారు. జింక ఉనికే నేలకు యోగ్యత ఇచ్చేటప్పుడు, నేల మారిందన్న కారణంతో జింక ప్రాణానికి విలువ తగ్గిపోతుందనడం పొసగదు.

విదేశీ వేటను సమర్థించే బలమైన వాదన ఒకటుంది. నమీబియాలో 1996 చట్టం స్థానిక సముదాయాలకు వన్యప్రాణుల మీద హక్కులు ఇచ్చింది. వేటగాళ్లు కట్టే రుసుము ఆ సముదాయాలకు అందుతుంది. డబ్బు వస్తుంది కనుక ఊళ్లవాళ్లు జంతువులను కాపాడుకుంటారు. కెన్యా మాత్రం 1977లోనే వేటను నిషేధించింది. బోట్స్వానా 2014లో ఆపి, 2019లో మళ్లీ అనుమతించింది. మందను కాపాడడానికి ఏది మేలన్నది పాలకులు లెక్కలు చూసి తేల్చవలసిన విషయం. ఆ లెక్క వేటగాడి మనసుకు సంబంధించిన ప్రశ్నకు జవాబు కాదు. అతడు రుసుము కట్టింది మందను కాపాడాలనా, తల గోడకు తగిలించుకోవాలనా అన్నది అతనికే తెలుసు. కాపాడాలన్నదే కోరిక అయితే తుపాకీ లేకుండా కూడా అదే సొమ్ము ఇవ్వవచ్చు.

చట్టం చూపు, ధర్మం చూపు

నేర న్యాయశాస్త్రం కూడా నేరాన్ని ఉద్దేశం, సన్నాహం, ప్రయత్నం, పూర్తి అన్న నాలుగు మెట్లుగా చూస్తుంది. దోపిడీకి, దేశం మీద యుద్ధానికి చేసే సన్నాహం వంటి కొన్నింటిని మినహాయిస్తే, సన్నాహాన్ని చట్టం సాధారణంగా శిక్షించదు. వన్యప్రాణి చట్టం కూడా వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తరమడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడంతో పాటు ప్రతి ప్రయత్నాన్నీ చేర్చింది గాని, ఇంట్లో సర్దుకోవడాన్ని చేర్చలేదు. సన్నాహంలో ఉన్న మనిషి ఇంకా మనసు మార్చుకోవచ్చన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

ధర్మం సన్నాహాన్ని లెక్కలోకి తీసుకునేది కూడా ఆ కారణంతోనే. మనిషి చేతిలో నిర్ణయం పూర్తిగా ఉండే దశ అదే. అడవిలో జంతువు ఎదురుపడ్డాక గుండె వేగం, పక్కవాళ్ల తొందర, అలవాటుపడ్డ వేలు అన్నీ కలిసి పని జరిగిపోతుంది. అక్కడ ఆలోచనకు చోటు తక్కువ. పెట్టె సర్దుకునే రాత్రి నిదానంగా ఉంటుంది. ఒక్కొక్క వస్తువు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఇది దేనికి అన్న ప్రశ్న వేసుకునే అవకాశం ఉంటుంది.

చంపని వేట

వేటయాత్రలో ఉండే ఎదురుచూపును, సన్నాహపు సంబరాన్ని తెలుగునాట మతం కాదనలేదు. సంక్రాంతి వెళ్లిన కనుమ రోజున అహోబిల నరసింహుడు పారువేటకు బయలుదేరుతాడు. ఉత్సవమూర్తులు పల్లకి ఎక్కి, ఊరూరా విడిది చేస్తూ నలభై రోజులకు పైగా తిరిగి, బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరుకుంటాయి. తన పెళ్లికి రమ్మని అత్తవారైన చెంచులను పిలవడానికే స్వామి వస్తాడని జనం చెప్పుకుంటారు. ఏడాది పొడుగునా ఎదురుచూసిన ఊళ్లు ఇళ్లు అలికి, పల్లకి నిలిపే వేదికలు (తెలుపులు) కట్టి, పల్లకి మోసే వంతులు చూసుకుంటాయి. పేరుకు అది వేట. జరిగేది దర్శనం, పలకరింపు, పిలుపు. అశోకుని ధర్మయాత్రలో ఉన్నవి కూడా ఇవే.

మాధ్వ సంప్రదాయం యజ్ఞం విషయంలో ఇటువంటి మార్పే చేసింది. బతికిన పశువుకు బదులు పిండితో చేసిన పశువును అర్పించే పద్ధతిని మధ్వాచార్యుల పరంపర నిలబెట్టింది. ఆ పరంపరకు చెందిన విజయదాసులు (1682–1755) తీర్థయాత్రలు చేసి, విజయవిఠల ముద్రతో సుళాదులనే కీర్తనలు రచించి, చిప్పగిరిలో దేహం చాలించారు. ఏటా కార్తీక శుద్ధ దశమికి ఆయన ఆరాధన జరుగుతుంది. దూరం నుంచి వచ్చే భక్తులు ఆ రోజు కోసం నెలల ముందే సెలవులు, బండ్లు, బసలు చూసుకుంటారు. వేటయాత్రకు చేసేలాంటి సన్నాహమే ఇది, చంపడం మాత్రం లేదు.

వేట తలపుతో మొదలవుతుంది, సన్నాహంతో బలపడుతుంది, చావుతో ముగుస్తుంది. ఆకలి తీర్చుకోవడానికో పంట కాపాడుకోవడానికో తప్పనిసరై చేసేదాన్ని ధర్మం కరుణతో చూస్తుంది. సరదా కోసం దూరదేశం వెళ్లి చేసే వేటకు ఆ మినహాయింపు లేదు. దాని దోషం ప్రయాణపు పెట్టెలోకే చేరి ఉంటుంది. అయినా పెట్టె విప్పడానికి చివరి రాత్రి వరకూ వ్యవధి ఉంది. సంధించిన బాణాన్ని దించిన రాజును మునులు దీవించారు. అంతకు చాలా ముందే, ఇంట్లోనే తుపాకీ పక్కన పెట్టి, అదే సెలవుల్లో ఆ జంతువును కంటితో చూసి రావడానికి బయలుదేరే మనిషి ఇంకా సులువుగా ఆ దీవెనకు పాత్రుడవుతాడు.